మా బాబాయి చేసిన అట్ట స్విచ్

మా బాబాయి ఏ వస్తువునైనా ముందు అట్టతో చేసి, దానితో కొన్నాళ్లు కాపురం చేసి గానీ అసలుది కొనడు.

ఇది పిసినారితనం అనుకునేరు, కాదు. భయం అనుకునేరు, అదీ కాదు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, చేతులు ఊరుకోక చేస్తున్నాడులే అని మేమంతా చాలాకాలం సరిపెట్టుకున్నాం. ఫ్రిజ్ కొనాలంటే ముందు అట్ట ఫ్రిజ్ వస్తుంది. నిలువెత్తు పెట్టె, దానికో తలుపు, తలుపుకో పిడి. అది వంటింట్లో నిలబడి ఉన్నన్నాళ్లూ పాలగిన్నె అందులోనే పెట్టాలి, అందులోంచే తియ్యాలి. "పాలు విరిగిపోతాయి కదా బాబాయ్" అంటే, "చల్లదనం సంగతి కంపెనీవాడు చూసుకుంటాడ్రా. తలుపు తీస్తే పొయ్యి దగ్గరున్న మనిషి పక్కకి జరగాలా వద్దా, అది మనం చూసుకోవాలి" అన్నాడు.

ఒకసారి మా మేనత్త చెప్పాపెట్టకుండా వచ్చింది. హాల్లో కొత్త సోఫా చూసి, "ఎప్పుడు కొన్నార్రా? నాకు మాటమాత్రం చెప్పలేదే!" అంటూ కూర్చుంది. కూర్చోవడం వరకే మాకు కనిపించింది. ఆ తర్వాత రెండు పాదాలూ ఒక చేతిసంచీ మాత్రమే కనిపించాయి. బాబాయి పరుగున వచ్చి ఆవిడని పైకి లాగి, దుమ్ము దులిపి, మంచినీళ్లిచ్చి, అప్పుడు అడిగాడు.

"అక్కా, కూర్చోబోయే ముందు మోకాలికి టీపాయ్ తగిలిందా?"

"తగిలింది కదరా!"

"అదే నా అనుమానం" అని సోఫా కొలతలు మార్చుకున్నాడు. మేనత్త ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో దేన్నయినా వేలితో పొడిచి చూసి గానీ ముట్టుకునేది కాదు.

అలాంటి మనిషి మేడ మీద నేను ఆఫీసు పెట్టుకున్నాను. పిల్లల కథల్ని వినడానికీ, చూడటానికీ వీలుగా తయారుచేసి ఇవ్వడం మా పని. మేమంటే పెద్ద సైన్యమేమీ కాదు. బొమ్మలూ వీడియోలూ కూర్చే ఒక గడ్డం మనిషి, ఆయన్ని అందరం 'గడ్డంగారు' అనే పిలుస్తాం. గొంతుల్ని శుభ్రంచేసి చెవికి ఇంపుగా దిద్దే సౌండ్ ఎడిటర్. ఆ పైన, అన్నీ నాకే తెలుసనుకునే నేను.

మా సౌండ్ ఎడిటర్‌ది బంగారం లాంటి చెవి. మాకు పని ఇచ్చేవాళ్లు నా మొహం చూసి కాదు, ఆవిడ చెవిని నమ్మి ఇస్తారు. అలాంటావిడకి ఇంకో స్టూడియో నుంచి పిలుపు వచ్చింది. "ఆలోచించుకుని నెలాఖరుకి చెబుతాను సార్" అంది. ఆవిడ వెళ్లిపోతే నేను ఆఫీసుకి తాళం వేసి, తాళంచెవి బాబాయికి అప్పజెప్పాల్సిందే.

ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడిగేస్తే సరిపోయేది. కానీ తెలివైనవాణ్ణి కదా, అడగకుండా కనిపెట్టాను. ఆవిడ రోజులో చాలాసార్లు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోతుంది. ఇంకేముంది, ఫైళ్లు రావడం ఆలస్యమై విసిగిపోతోందని తేల్చేశాను. మా నెట్‌వర్క్ స్విచ్ పాతది. స్విచ్ అంటే లైటు వేసేది కాదు. ఆఫీసులోని కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టె. ఒక కంప్యూటర్‌లోని ఫైలు ఇంకో దానికి వెళ్లాలంటే దాన్ని దాటుకునే వెళ్లాలి. అక్కడ ఇరుకైతే అందరూ ఆగాల్సిందే.

ఇక కొత్త స్విచ్ కోసం వెతకడం మొదలుపెట్టాను. భోజనం చేస్తూ సమీక్షలు చదివాను, పళ్లు తోముకుంటూ వీడియోలు చూశాను. చదివినకొద్దీ నాకు అర్థమయ్యేది తగ్గి, మాట్లాడేది పెరిగింది. కొట్లో అమ్మే మనిషికి నేనే పాఠం చెప్పి వచ్చాను. చివరికి నలభై ఎనిమిది పోర్టులు, అంటే కేబుళ్లు గుచ్చే కన్నాలు, ఉన్న మేనేజ్డ్ మల్టీ గిగాబిట్ స్విచ్ ఒకటి ఎంచుకున్నాను. పెద్దపెద్ద కంపెనీలు ఇనుప బీరువాల్లో పెట్టుకునే రకం. ముందువైపు వరసగా నీలం లైట్లు మిలమిలలాడుతూ ఉంటాయి. నిజం చెప్పొద్దూ, నేను మనసు పారేసుకున్నది ఆ నీలం లైట్లకే. మిగతా కారణాలన్నీ తర్వాత పోగుచేసుకున్నవి.

దాన్ని బిగించాలంటే గోడకి అర కొట్టాలి. గోడ బాబాయిది. కిందికి వెళ్లాను.

"మేనేజ్డ్ అంటే ఏమిట్రా?" అన్నాడు.

"మనం చెప్పినట్టు వింటుంది బాబాయ్. ఎవరి ఫైలు ముందు వెళ్లాలి, ఎవరు ఏ దారిలో వెళ్లాలి, బయటినుంచి వచ్చినవాళ్ల ఫోన్లు మన ఫైళ్ల జోలికి రాకుండా ఎలా ఆపాలి, అన్నీ మనమే చెప్పొచ్చు."

"చెప్పినట్టు వినేదైతే ఇంట్లోకి కూడా ఒకటి తెచ్చిపెట్టరా" అంది వంటింట్లోంచి మా పిన్ని.

"మరి మల్టీ గిగాబిట్ అంటే?"

"వేగం బాబాయ్! ఇప్పుడున్న దానికంటే ఎన్నో రెట్లు!"

"ఎవరికి?"

"ఎవరికేమిటి, అందరికీ!"

"ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' నాకు తెలుసు. ఆ వెంటనే కత్తెర వెతుక్కుంటాడు.

మర్నాడు మేడ మీద సౌండ్ ఎడిటర్ బల్లకి పైన అట్ట స్విచ్ వెలిసింది. కేబుళ్లన్నీ ఆ మూలకే వస్తాయి కాబట్టి అక్కడే పెట్టాలని చెప్పింది నేనే. నల్లరంగు వేసి, నలభై ఎనిమిది కన్నాలు చక్కగా కోసి, నీలం కాగితాలు కూడా అంటించాడు. కేబుళ్లకి బదులు పిన్ని స్వెటర్ అల్లే ఊలు. ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక పోగు తెచ్చి కన్నంలో దూర్చమన్నాడు. దూర్చాం. ఫైళ్లు దాచే పెట్టెకి ఒకటి, ప్రింటర్‌కి ఒకటి, ఇంటర్నెట్‌కి ఒకటి, బయటివాళ్ల వైఫైకి ఎర్ర ఊలు ఒకటి. ఎంత వెతికినా ఒక వరసైనా నిండలేదు. మిగతా కన్నాలన్నీ నోళ్లు తెరుచుకుని నాకేసి చూస్తున్నాయి.

"రేపు ఆఫీసు పెరుగుతుంది కదా బాబాయ్" అన్నాను.

"పెరగనీ. అయితే అప్పటిదాకా ఇదే అక్కడ ఉంటుంది. ఇంతకీ ఇది మాట్లాడుతుందా?"

"ఏమిటి?"

"చప్పుడు చేస్తుందా అని."

"చిన్న ఫ్యాన్లు ఉంటాయి. అదేం పెద్ద విషయం కాదు" అన్నాను. వీడియోలన్నీ నేను మ్యూట్‌లో పెట్టి చూశాను. లైట్లు చూడటానికి చెవులెందుకు?

బాబాయి మాత్రం ఫోన్‌లో ఆ వీడియో పెట్టించుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూల పడేసిన పాత కంప్యూటర్లలోంచి రెండు బుల్లి ఫ్యాన్లు పీకి, అట్టపెట్టెలో బిగించాడు. ఒకపక్క ఫోన్, ఒకపక్క పెట్టె పెట్టుకుని, రెండూ ఒకేలా కీచుమనేదాకా తంటాలుపడి, మళ్లీ బల్ల పైకి ఎక్కించాడు. ఆ రోజంతా అది మోగుతూనే ఉంది.

సాయంత్రం నేను సౌండ్ ఎడిటర్‌ని అడిగాను. "ఎలా ఉందండీ?"

"బావుంది సార్."

"చూశావా బాబాయ్!" అన్నాను.

"చూశాను. నువ్వు కిందికెళ్లి ఆ జిగురు డబ్బా పట్రా" అన్నాడు.

జిగురు తీసుకుని మెట్లెక్కుతుంటే మాటలు వినిపించాయి. ఆగకూడదు. ఆగాను.

"ఈ అట్టముక్క నీకేమైనా ఇబ్బందా అమ్మా?"

"సార్ ముచ్చటపడి తెస్తున్నారు కదండీ..."

"సార్ తెచ్చేది వేరు. దీన్ని చేసింది నేను. దీన్ని ఎంత తిట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. తిట్టు."

ఆవిడ అందుకుంది. "చంపేస్తోంది బాబాయిగారూ! పొద్దుట్నుంచీ ఆ కీచు నా చెవిలో గుచ్చుకుంటోంది. కథ చదివినావిడ ఊపిరేదో, ఈ ఫ్యాన్ గాలేదో తెలీక మూడు కథలు మళ్లీ మొదట్నుంచీ చెయ్యాల్సి వచ్చింది. ఇది గానీ నిజంగా వస్తే నేను ఒక్కరోజు కూడా ఉండలేను."

"మరి నీ ఫైళ్లు తొందరగా రావద్దా?"

"నావి గొంతు ఫైళ్లండీ, చిన్నచిన్నవి. ఇప్పుడే చిటికెలో వచ్చేస్తాయి. కొండంత ఫైళ్లు గడ్డంగారివి. ఆయనకీ, ఫైళ్లు దాచే పెట్టెకీ మధ్య దారి వెడల్పయితే చాలు."

"అంటే ఆ రెండు పోగులేనా లావుగా ఉండాల్సింది?"

"అంతేనండీ. ఇంకొకటి కూడా ఉంది బాబాయిగారూ, కానీ..." అంటూ నన్ను చూసి ఆగిపోయింది. నేను జిగురు డబ్బా చేతిలో పెట్టుకుని, అప్పుడే వచ్చినట్టు రొప్పాను. ఎవరూ నమ్మలేదు.

ఎవరు వెళ్లిపోకూడదని ఆ పెట్టె కొనబోయానో, వాళ్లనే ఆ పెట్టెతో తరిమేసేవాణ్ణి. అది తెలిసొచ్చాక మనిషన్నవాడు సిగ్గుపడాలి. నేను అలిగాను. కిందికి వెళ్లి పిన్ని దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను.

"ఏమిటి పిన్నీ ఈ చాదస్తం? నీలం కాగితాలు కూడా అంటించాడు! నన్ను ఏడిపించడానికి కాకపోతే ఎందుకు?"

పిన్ని కూర తరుగుతూనే నవ్వింది. "మీ బాబాయి ఎప్పుడూ ఇలాగే ఉండేవారనుకున్నావా? పెళ్లైన కొత్తలో అన్నీ తనే ఎంచి, తనే మోసుకొచ్చి, ఎలా ఉందని అడిగేవారు. ముచ్చటపడి తెచ్చారు కదా, బావుందనేదాన్ని. పడగ్గదిలో ఉన్న ఆ అద్దం కూడా అలాగే తెచ్చి, తన ఎత్తుకి బిగించేశారు."

"అయితే?"

"అయితే ఏముంది, నా ఎత్తుకి అందులో నా నుదురు తప్ప ఏమీ కనబడేది కాదు. ఏళ్ల తరబడి మునివేళ్ల మీద నిలబడే జడ వేసుకున్నాను. ఒకరోజు చూసేశారు. ఆయన మొహం అలా అయిపోవడం నేను ఎప్పుడూ చూళ్లేదురా. మర్నాడే అద్దమంత అట్టముక్క తెచ్చి, గోడ మీద పైకీ కిందికీ జరుపుతూ 'ఇక్కడా? ఇక్కడా?' అని అడిగారు. 'కొన్నాక నువ్వు బావుందనే అంటావు. అట్టనైతే బాలేదని అంటావు' అన్నారు. అదీ మొదలు."

ఇన్నేళ్లూ ఆయన వస్తువుల్ని పరీక్షిస్తున్నాడని నవ్వుకున్నాం. నోరు విప్పలేనివాళ్లకి ఆయన నోరు విప్పే వీలు చూపిస్తున్నాడని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఆయన హాల్లో కూర్చుని నిద్రపోతున్నాడు. కాళ్లు సోఫా కిందికి ముడుచుకుని ఉన్నాయి, అందలేదు.

చివరికి చిన్న స్విచ్ తెప్పించాం. ఎనిమిది పోర్టులు, అన్నీ మాకు చాలినంత వేగం. గడ్డంగారికీ, ఫైళ్లు దాచే పెట్టెకీ ఇంకా వేగమైనవి రెండు. ఫ్యాన్ లేదు. చెప్పినట్టు వింటుంది. బయటివాళ్ల ఫోన్లు వేరే దారిలో పోతాయి. లైట్లు ఆకుపచ్చవి, ఆవగింజంత. గడ్డంగారి వీడియోలు పరుగులు తీస్తున్నాయి.

అయినా సౌండ్ ఎడిటర్ హెడ్‌ఫోన్స్ తీసి గోడకేసి చూడటం మానలేదు. నెలాఖరు దగ్గర పడుతోంది.

ఒక పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి నా బల్ల లేదు. కుర్చీ లేదు. మెట్ల పక్కన, పాత సామాన్లు పెట్టుకునే చివరి గదిలో నా బల్ల కనిపించింది. దాని ముందు నా కుర్చీ. కుర్చీలో నేను. అట్టతో చేసిన నేను. కళ్లజోడు, మీసం, పొట్ట, దేనికీ లోటు చెయ్యలేదు. పొట్ట దగ్గర కాస్త అట్ట ఎక్కువే వాడాడు.

"ఇదేమిటి బాబాయ్?"

"నువ్వేరా. నిన్న నువ్వు ఊళ్లో లేవు కదా, నువ్వు ఇక్కడుంటే ఎలా ఉంటుందో చూశాం."

"ఎలా ఉంది?" అన్నాను భయంభయంగా.

"హాయిగా ఉంది సార్" అన్నారు గడ్డంగారు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

నేను సౌండ్ ఎడిటర్ వైపు చూశాను. ఆవిడ అట్టతో చేసిన నా వైపు చూసింది. నాతో చెప్పలేని మాట దానితో చెప్పింది. "మీరు పని చేస్తూ కూనిరాగం తీస్తారు సార్."

"నేనా? కూనిరాగమా?"

"చిన్నప్పట్నుంచీ!" అంది మెట్ల మీంచి పిన్ని.

"అదీ ఒకటే ముక్క సార్. అది అయిపోయేదాకా హెడ్‌ఫోన్స్ తీసి ఆగుతాను. రెండో ముక్క వస్తుందేమోనని ఇంకాస్త ఆగుతాను. రాదు. మళ్లీ మొదటిదే వస్తుంది. మూడేళ్లుగా ఆగుతున్నాను సార్."

"ఒక్కమాట నాతో అనకపోయారా?"

"మీరు సంతోషంగా ఉన్నప్పుడే తీస్తారు కదా, ఎలా అనను?"

గోడకేసి ఆవిడ చూస్తున్నది ఫైలు కోసం కాదు, నా నోరు మూతపడటం కోసం. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకే నవ్వు కూడా వచ్చింది. నేను నవ్వేసరికి ఆవిడ కూడా నవ్వింది. అప్పుడే, మా అందరి ముందే ఆ స్టూడియోకి ఫోన్ చేసి, "రావడం లేదండీ. ఇక్కడ నాకు వీలుగానే ఉంది" అని చెప్పేసింది. అట్టతో చేసిన నన్ను ఎత్తి పక్కన పెట్టి, నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

వారం తిరక్కుండానే ఆ గదికి కొత్త తలుపు వచ్చింది. గట్టి టేకు తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ. ఆ అద్దం తర్వాత బాబాయి అట్టతో చేసి చూడకుండా నేరుగా కొన్న వస్తువు అదొక్కటే. ఎందుకలా అని అడిగాను.

"తలుపు పెడదామా అని అందర్నీ అడిగానురా. ఒక్కరు కూడా ఆలోచించుకుంటామనలేదు" అని, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసి, నొక్కి చూసి మరీ వెళ్లాడు.