బోటు ట్యాంకు ఎక్కడ తెరవాల?

నేను డ్యాములో టూరిస్టు బోటు నడుపుతా. బోటు బాత్రూం మురుగంతా కింద ట్యాంకులో చేరుతుంది. దాన్ని నీళ్ళలోకి వదలగూడదు, గట్టుకు తెచ్చి సెప్టిక్ లారీకి ఎక్కించాల. రూలు చెప్పేదానికి అందరూ వస్తారు, మార్కాపురం నుంచి లారీ మాత్రం ఈరోజు కూడా రాలేదు. ట్యాంకు నిండి ఒకటే కంపు. మా ఓనరు ఫోన్ చేసి, "నడిమధ్యకు పోయి వాల్వు తిప్పు, ఎవరు చూస్తారు?" అన్నాడు.

సాయంత్రం ఆఖరి ట్రిప్పుకు ఒక అవ్వ మాత్రమే ఎక్కింది. నడిమధ్యన ఇంజను ఆపి వాల్వు మీద చెయ్యేసినా. చూస్తే అవ్వ చెప్పులు విడిచి, నెత్తిన కొంగేసుకొని, నీళ్ళకేసి తల వంచి ప్రార్థన చేస్తా ఉంది.

ప్రార్థన అయినాక అడిగినా, "ఏందవ్వా, ఇక్కడ?"

"మా ఊరు మునిగింది ఇక్కడే నాయనా. ఆ కొండ సందు చూసి గుర్తుపట్టినా. సమాధుల తోట ఈ కిందనే, మా ఆయన ఉండాడు. నా పని అయిపోయింది. నువ్వేందో తిప్పబోతివే, తిప్పుకో."

చెయ్యి రాలేదు. కొంచెం ముందుకు పోయి తెరుద్దామని, "ఆ పక్కన ఏముండె అవ్వా?" అన్నా.

"మా ఇల్లు," అనింది.

ట్యాంకు అట్లనే నిండుగా ఉంది. ఓనరు ఫోన్ మోగుతానే ఉంది. ఇంటికొచ్చినా, కిందనుంచి ఎవరో తలెత్తి బోటును చూస్తున్నట్టే ఉంది. మునిగిన ఊళ్ళవాళ్ళు ఎవరన్నా ఇది చదివితే కామెంట్లో చెప్పండి, ఆ నీళ్ళ కింద ఎవరూ లేని చోటు ఏదన్నా ఉందా?