మొహం దాచారు, గొంతు మరిచారు

మా బస్టాండులో మా తమ్ముడి మొహం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. "ప్రయాణికులకు గమనిక" అని వాడు మైకులో మొదలుపెడితే బెంచీల మీద కునికేవాళ్ళంతా లేచి కూర్చుంటారు. డ్రైవర్లూ కండక్టర్లూ వాడిని మైకుగారనే పిలుస్తారు. నేను అదే బస్టాండులో సామాన్ల గది చూస్తాను. ప్రయాణికులు సంచులు నా దగ్గర వదిలి, టోకెన్ తీసుకుని ఊళ్ళో పనులు చూసుకుంటారు. తమ్ముడు రోజూ తన క్యారేజీ నా బల్ల మీద పెట్టి, "జాగ్రత్త అక్కా, ఇక్కడ ఎలుకలెక్కువ" అని మైకు గదికి పోయేవాడు. ఆ ఎలుక నేనేనని వాడి ఉద్దేశం. అబద్ధం కాదు లెండి.

వాడు మొదటినుంచీ నోట్లో నాలుక లేని మనిషి. అమ్మ పోయాక మరీ ముడుచుకుపోయాడు. తిండి తగ్గింది, బట్టలు వదులయ్యాయి. "పెళ్ళాం పోరు పడలేక చిక్కిపోతున్నావట్రా?" అని ఏడిపించేదాన్ని. నా నోటికి తాళం వేసేవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. చివరికి మా మరదలే వాడిని మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ మందులిచ్చి, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించి, మళ్ళీ మనిషిని చేసింది. ఇదేదీ అప్పట్లో నాకు తెలియదు. ఆ మాత్రలేమిటంటే షుగరుకని చెప్పాడు. నేను నమ్మి చక్కెర లేని కాఫీ ఇస్తే, పాపం, మొహం చిట్లించకుండా తాగేవాడు.

ఆ డాక్టరమ్మ, కోలుకున్నవాళ్ళ చేత వాళ్ళ కథ వాళ్ళ నోటితోనే చెప్పించి చిన్న చిన్న వీడియోలు తీయించింది. ఇలాంటి బాధ లోపల దాచుకున్నవాళ్ళు చూసి ధైర్యం చేస్తారని ఆవిడ ఆశ. మావాడు ఒప్పుకున్నాడు. మొహం మాత్రం కనపడకూడదన్నాడు. వీడియో తీసే అమ్మాయి వాడిని కిటికీకి అడ్డంగా కూర్చోబెట్టి, నల్లటి ఆకారం తప్ప ఏమీ కనపడకుండా తీసింది. గొంతు కూడా మార్చమంటారా అని అడిగిందట. "గొంతుదేముందమ్మా, మొహం తెలియకపోతే చాలు" అన్నాడట ఈ మహానుభావుడు! తలుపులు మూసిన గదిలో కూర్చుని పనిచేసేవాడికి తన గొంతు బయట ఎంతమందికి తెలుసో ఎలా తెలుస్తుంది?

ఆ వీడియోను మా వెయిటింగ్ హాల్లోని టీవీలోనే వేశారు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. తెర మీది నల్లటి ఆకారం నెమ్మదిగా మాట్లాడుతోంది. "రోజంతా అందరికీ ఎటెళ్ళాలో చెప్పేవాణ్ణి. నాకు మాత్రం ఎటూ వెళ్ళాలనిపించేది కాదు. మైకు కట్టేసి, దాని దీపం ఆరిందో లేదో మళ్ళీ చూసుకుని ఏడ్చేవాణ్ణి. బస్సొస్తే కళ్ళు తుడుచుకుని మైకు పెట్టేవాణ్ణి."

సరిగ్గా అప్పుడే పైన స్పీకరు "ప్రయాణికులకు గమనిక" అంది. హాల్లో తలలన్నీ టీవీ మీంచి స్పీకరు మీదికి తిరిగాయి. రెండూ ఒకటే గొంతు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎంక్వయిరీ గుమాస్తా పరుగున వచ్చాడు. "ఏమ్మా, అది మన మైకుగారే కదూ? పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడా?"

"ఛ! మావాడికేం ఖర్మ!" అని గయ్యిమన్నాను. "ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు. మతి చెడినవాణ్ణి తెచ్చి మా తమ్ముడంటావా? నీ నోరు పడిపోను!"

గుమాస్తా నా వైపు చూడడం లేదు. నా వెనక తలుపు వైపు చూస్తున్నాడు. తమ్ముడు భోజనానికని క్యారేజీ కోసం వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి డ్యూటీకి రాలేదు. మరదలు ఫోను చేసింది. "వదినా, మంచం దిగడం లేదు. మందులు కూడా మానేశారు. అక్కే అలా అంటే ఇంక మందులెందుకు అంటున్నారు." పరిగెత్తుకుంటూ వెళ్ళాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఊరందరి మీదా నోరు పారేసుకునే నాకు, తప్పయిందిరా అనే మాట గొంతు దాటలేదు. "కాఫీ పెట్టనా?" అని మాత్రం అడిగాను. చక్కెర వేయనా అని కూడా అడగబోయి సిగ్గేసి ఊరుకున్నాను. వాడు కదల్లేదు. ఇంటికొచ్చి నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోయాను.

ఆ వారమే ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో సంచీ లేదు. "ఈయన కొన్నాళ్ళుగా మాట్లాడడం లేదండి. మొన్న టీవీలో మైకాయన చెప్పింది విని, ఆయన్ని చూస్తానన్నారు. అదే మొదటి మాట. ఆయన మీకు తెలుసా?"

వెనక టోకెన్ల వరస. పక్కనే ఎంక్వయిరీ గుమాస్తా చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

"తెలుసమ్మా. మా తమ్ముడు" అన్నాను. గుమాస్తాకు వినపడాలని ఇంకోసారి అన్నాను. "ఆ టీవీలో ఉన్నది నా తమ్ముడే."

మరదలికి ఫోను చేసి, వాడి చెవి దగ్గర పెట్టమని చెప్పి, ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులా చెవికి ఆనించుకున్నాడు. తరవాత మెల్లిగా అన్నాడు. "మీరు మైకు కట్టేసి ఏడ్చేవాణ్ణన్నారు కదండీ. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తాను."

అవతలి నుంచి ఆ గొంతు, మా బస్టాండంతా ఎరిగిన గొంతు, నాకూ వినపడింది. "అక్కడే కూర్చోండి. నేనొస్తున్నాను."

గడ్డం కూడా గీసుకోకుండా వచ్చాడు. హాలు చివరి బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ తరవాత ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరారు. మావాడు నా బల్ల ముందు నుంచే వెళ్ళాడు. నా వైపు చూడలేదు. నేనూ తలెత్తలేదు.

మర్నాడు పొద్దున క్యారేజీ నా బల్ల మీదికి వచ్చింది. ప్రాణం లేచొచ్చి గబుక్కున అందుకోబోయాను. వాడు క్యారేజీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"టోకెన్ ఇవ్వు" అన్నాడు.

"నీకు టోకెనేంట్రా?"

"ముక్కూ మొహం తెలియనివాడి సామాను ఊరికే ఎలా పెట్టుకుంటావక్కా?"

వాడు నవ్వుతున్నాడో లేదో చూద్దామంటే తల ఎత్తలేకపోయాను. టోకెన్ ఇవ్వలేదు. "తప్పయిందిరా" అన్నాను. వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. వాడు చెయ్యి తీశాడు. నేను క్యారేజీని దగ్గరికి లాక్కుని, వాడి గొంతు మైకులో వినపడేదాకా వదలకుండా పట్టుకునే నిలబడ్డాను.