జరంటే ఎంత?

కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు. అక్కడే ఉంటే నా కళ్లకు కనబడకపోయేదా? నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటున్నాను: భూపాలపల్లికి పోవలసినవాణ్ణి, జనగామలో రైలెక్కి, రైల్లో కోపమెక్కి, మహబూబాబాద్‌లో దిగాను!

భూపాలపల్లిలో మా చెల్లె సరిత కూతురికి చెవులు కుట్టించే రోజది. పాపను మేనమామ ఒళ్లోనే కూర్చోబెట్టాలి, ఒంటిగంటలోపు ముహూర్తం. పాప పుట్టువెంట్రుకలకు ఫోన్లో పిలిచారని అలిగి నేను పోలేదు. అందుకే సరిత ముందే చెప్పింది: "అన్నా, గీసారి కోపాన్ని దుకాణంల పెట్టి తాళమెయ్యి. నువ్వు రాకుంటే ఇగ ఎన్నడు పిలువ."

స్టీలు సామాన్ల దుకాణానికి తాళమేసి 6:40 రైలెక్కాను. వరంగల్ దాకా టికెట్, అక్కడి నుంచి బస్సు. పైగా కిటికీ సీటు!

స్టేషన్ ఘన్‌పూర్‌లో గోనెసంచుల కట్టతో ఒకాయన ఎక్కాడు.

"జర జరుగన్నా."

జరిగాను. కట్ట కూర్చుంది.

"ఇంక జర."

జరిగాను. ఆయన కూర్చున్నాడు. ఖాళీ సంచులకు పట్టిన మిర్చి ఘాటుకు నాలుగు తుమ్ములు తుమ్మాను.

"ఇంక జరంత..."

"జరంటే ఎంతయ్యా? కిటికీల నుంచి దుంకాల్నా?"

"గింత దానికి గంత లొల్లి ఎందుకన్నా? సీటేమన్న మీ అత్తగారు కట్నంల పెట్టిండ్రా?"

అత్తగారి దాకా వచ్చాక ఊరుకుంటానా? నా వాదన పూర్తయి కిటికీలోంచి చూస్తే నెక్కొండ బోర్డు! వరంగల్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో. సరిగ్గా అప్పుడే టీసీ వచ్చాడు, రసీదు రాసేలోపు నెక్కొండ కూడా దాటిపోయింది. జర దగ్గర మొదలైంది జరిమానాతో తేలింది.

నేను తల పట్టుకుని సంగతి చెబితే సంచులాయన నవ్వలేదు. పేరు వెంకన్న, నర్సింహులపేటలో మిర్చి రైతు. "అయ్యో, పాప ఎదురుచూస్తది గదనే! జల్ది నడువు, టేషన్ కాడ నా బండున్నది" అన్నాడు.

8:50కి మహబూబాబాద్. బండి మీద ముందు ఆయన, వెనక నేను, నడుమ సంచులు.

"జర ఎన్కకు జరుగన్నా."

ఇంకా జరిగితే రోడ్డే! ఇద్దరికీ నవ్వాగలేదు.

బస్టాండులో నర్సంపేట బస్సెక్కిస్తూ నంబరిచ్చి, ఒక మాట చెప్పాడు: "మిర్చి ఏరిన చేతులు కడుక్కునేదాక మేం కండ్లు ముట్టుకోం. కోపం గూడ గంతే. చేతులు కడుక్కొని మాట్లాడు. ఇగ ఫంక్షన్ లడ్డు నాకు జర తే!"

10:20కి నర్సంపేట. రెండు ఇడ్లీలు తిన్నాను. మిర్చి బజ్జీల వైపు చూసే ధైర్యం లేకపోయింది. ములుగు బస్సు కోసం నిలబడితే సరిత భర్త ఫోన్.

"ఏంది బావా, మల్ల అలిగినవా? సరిత ఏడుస్తున్నది."

పొద్దటి నుంచి నేను పడుతున్న పాట్లు నాకే తెలుసు. ఘాటైన మాటొకటి నాలుక చివరికి వచ్చింది. "జర ఆగు బావా" అని, నల్లా దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కున్నాను. చన్నీళ్లకు బుర్ర కూడా కొంచెం తడిసిందేమో, ఓ సంగతి తట్టింది. ఓపికలో 'క' బుద్ధిగా చివర నిలబడుతుంది. కోపంలో అందరినీ తోసుకుని ముందుకొస్తుంది. ఇన్నేళ్లూ ఆ 'క'ను నేనే!

"తప్పు నాదే బావా. లొల్లిల పడి వరంగల్ దాటిపోయిన. వస్తున్న, పాపను తయారు చెయ్యండ్రి."

"తప్పు నాదే" అని నేననడం ఆయన వినడం అదే మొదలు!

ములుగు దాటాక మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. వాటికంటే గడియారాన్నే ఎక్కువ చూశాను. 12:35కి భూపాలపల్లి, ఆటో, ఆ పైన పరుగు. 12:50కి పాప నా ఒళ్లో ఉంది! కంసాలి తీగ గుచ్చగానే కెవ్వుమని నా చెయ్యి కొరికింది. నేను నవ్వాను. "గీయన మా అన్నేనా?" అంది సరిత, కళ్లు తుడుచుకుంటూ.

మీరు పోయేటట్టయితే వరంగల్‌లో దిగి పరకాల మీదుగా పొండి, సుఖం. నేను మాత్రం మర్నాడు కావాలనే మహబూబాబాద్ మీదుగా తిరిగొచ్చాను, లడ్డూల డబ్బాతో. మార్కెట్‌కు మిర్చి తెచ్చిన వెంకన్న స్టేషన్‌కొచ్చాడు. రైలెక్కి తలుపు దగ్గరే నిలబడి, ఒక లడ్డు తుంచి శనగగింజంత ఆయన అరచేతిలో పెట్టాను.

"గిదేందన్నా?"

"జర."

ఆయన నోరు తెరిచాడు. రైలు కదిలింది. అప్పుడు డబ్బా బయటికి చాపి కేకేశాను: "జర ఉరుకన్నా!"

అందుకునేదాకా ఎంత దూరం ఉరికించానంటారా? జరంతే.