దీనమ్మగారి ఫ్రాన్సు ప్రయాణానికి ప్రార్థన కూటం

కోటలు చూడాలంటే కాళ్ళుంటే చాలని నా నమ్మకం. గోల్కొండ నేను మూడు వేర్వేరు వయసుల్లో ఎక్కాను. గుత్తి కోట మీద ఎండకి సొమ్మసిల్లాను. కొండవీటి దారిలో చెప్పు తెగితే ఒంటి చెప్పుతో దిగాను. ఇన్ని కోటల్లో ఏ రాయీ నన్ను గుర్రమేదని అడగలేదు. అందుకని 1983లో, న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో, నేను చుట్టపుచూపుగా దిగిన మా మేనల్లుడి ఇంటి పక్క వీధిలో ఉండే దీనమ్మగారు ఫ్రాన్సు వెళ్ళి లువార్ నది చుట్టుపక్కల పాత రాజుల కోటలన్నీ వారంపాటు గుర్రం మీద తిరిగి చూస్తానంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. విసుగు పుట్టింది.

దీనమ్మగారిది నరసాపురం. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, అమెరికాలో నర్సులు దొరకని రోజుల్లో వచ్చి, ఎముకల వార్డులో స్థిరపడింది. భర్త సుందర్ రాజ్ రోడ్ల శాఖలో వంతెనలకు నమూనాలు గీసే ఇంజనీరు. పది మాటలడిగితే ఒకటి చెబుతాడు. కూతురు కాలేజీలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం తెల్లవాళ్ళ ఆరాధన అయిపోయాక, అదే చర్చి బేస్‌మెంట్‌లో, వాళ్ళు తాగి వదిలిన కాఫీ వాసన మధ్య తెలుగు ఆరాధన జరుగుతుంది. అక్కడి పిల్లలకి వేసవిలో వారంపాటు వాక్యం నేర్పే బడి ఒకటుంది. అందరూ వీబీఎస్ అంటారు. అది దీనమ్మగారి సొత్తు. పాటలు, రంగు కాగితాలు, ఆకలేసినవాళ్ళకి శాండ్‌విచ్‌లు, ఏడ్చేవాళ్ళకి ఒడి, అన్నీ ఆవిడే.

ఇలాంటి మనిషి జీవితంలోకి గుర్రం ఎలా జొరబడిందంటే, ఆవిడ వార్డులోకి ఒక ముసలి దొర కాలు విరిగి వచ్చాడు. ఆయనకి గుర్రాలశాల ఉంది. కాలు విరిగింది కూడా గుర్రం మీంచి పడే. మంచం మీద ఉన్నన్నాళ్ళూ గుర్రాల గురించే మాట్లాడేవాడట.

"పడ్డవాణ్ణి చూస్తే ఎక్కాలనిపించిందా మీకు?" అన్నాను.

"పడి కూడా మళ్ళీ ఎప్పుడు ఎక్కనిస్తారనే అడిగేవాడు మాస్టారూ. కారు యాక్సిడెంట్ అయి వచ్చినవాళ్ళు మళ్ళీ కారెప్పుడు ఎక్కాలి అని ఎవరూ అడగరు. అందులో ఏదో ఉంది కదా అనుకున్నా."

రెండేళ్ళపాటు శనివారాలు ఆ దొరగారి శాలలో స్వారీ నేర్చుకుంది. సుందర్ రాజ్‌కి కుక్కపిల్లన్నా భయం. ఆవిడని దింపి, కారు అద్దాలెత్తుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలే కూర్చునేవాడు. చివరికి ఆ దొరగారే ఫ్రాన్సులో కోట నుంచి కోటకి గుర్రాల మీద తీసుకెళ్ళే ఒక సంస్థ సంగతి చెప్పాడు. ఒకప్పుడు గుర్రాన్ని దూరంగా చూసి సంతోషించిన నరసాపురం మనిషి, యాభై ఏళ్ళు దాటాక విమానం టికెట్ బుక్ చేసింది.

నేను ఊరుకోలేక నా దగ్గరున్న కోటల పుస్తకం పట్టుకెళ్ళాను. షాంబోర్ అనే కోటలో ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు మెట్ల వరసలుంటాయి, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎదురుపడరు. షెనన్సో అయితే ఏకంగా నదికి అడ్డంగా, వంతెన మీద కట్టిన మేడ. రాజుల గర్వం, రాణుల పగ, శిల్పుల తెలివి, పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాను. అంతా విని, "అక్కడ గుర్రాలకి నీళ్ళెక్కడ పెడతారంటారు మాస్టారూ?" అంది. పుస్తకం మూసేశాను.

సరే, టికెట్ ఉంది, సెలవు దొరికింది, భర్త అడ్డు చెప్పలేదు. ఉన్న చిక్కల్లా ఒకటే. ఆ సంస్థ కొత్తవాళ్ళని తీసుకెళ్ళే వారమూ ఇక్కడ వీబీఎస్ జరిగే వారమూ ఒకటే. చెప్పాపెట్టకుండా విమానమెక్కేస్తే తీరిపోయేది. ఈ మహాతల్లి ఏం చేసింది? బయల్దేరే ముందు శనివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టి చర్చి మొత్తాన్నీ పిలిచింది.

"వాళ్ళంతా వద్దంటారని తెలిసి పిలుస్తారేమిటండీ?" అన్నాను.

"మా నాన్న గుంటూరు పంపినప్పుడూ కూటం పెట్టే పంపాడు. ప్రార్థన లేకుండా నేను బెజవాడ కూడా వెళ్ళలేదు."

"అందరూ కలిసి కాదంటే?"

"కాన్సిల్ చేసుకుంటా. వెనకాల వీళ్ళందరూ మొహాలు ముడుచుకుని ఉంటే నేను వెళ్ళి ఏ కోట చూస్తాను మాస్టారూ?"

నిజంగానే కాన్సిల్ చేసుకునే మనిషి. అదీ నా బాధ.

శనివారం వచ్చింది. సోఫాలు గోడకి జరిపి తివాచీ మీద దుప్పట్లు పరిచారు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. వంటింట్లోంచి కోడిపలావు వాసన. నేను ఆ మతంవాణ్ణి కాను, ఆ మాటకొస్తే ఏ మతంలోనూ కుదురుగా ఉన్నవాణ్ణి కాను, అయినా పిలిచారు కనుక ఓ మూల కూర్చున్నాను. పాట అయింది. ఒక్కొక్కరే ప్రార్థన మొదలుపెట్టారు.

ఈ కూటాల్లో ఒక పద్ధతుంది. ప్రార్థించేవాళ్ళకి మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. తరవాత దాని మీద వాదించకూడదు, ఎందుకంటే అది దేవుడితో చెప్పిన మాట. ముగియగానే అందరూ ఆమెన్ అనాలి. ఎదుటి మనిషిని ఏమైనా అనాలనుకున్నవాళ్ళకి ఇంతకంటె భద్రమైన చోటు నేను తిరిగిన దేశాల్లో ఎక్కడా చూడలేదు.

ముందు విమలకుమారి అందుకుంది. దీనమ్మగారి వార్డులోనే పనిచేసే నర్సు, ప్రాణ స్నేహితురాలు.

"ప్రేమగల తండ్రీ, మా దీనమ్మక్కని నువ్వెరుగుదువు. ఆమె మోకాళ్ళని నువ్వెరుగుదువు. మొన్న చలికాలం మంచు మీద జారిపడితే ఎక్స్‌రేలో ఏం కనబడిందో నువ్వెరుగుదువు. మేం చెబితే వినదు ప్రభువా, నువ్వైనా చెప్పు."

"ఆమెన్," అన్నారందరూ.

తరవాత భాస్కర్, చర్చి పెద్దల్లో ఒకడు. "తండ్రీ, ఆ దేశంలో మధ్యాహ్నం భోజనానికే ద్రాక్షారసం పోస్తారని వింటున్నాం. గుర్రం మీద ఉండగా ఆ శోధన రాకుండా నీ దాసురాలిని కాపాడు. అసలు అంతదూరం వెళ్ళకుండానే కాపాడగల సమర్థుడివి."

"ఆమెన్."

ఆ తరవాత పాస్టరు జోసఫ్ అయ్యగారు. వారమంతా మందుల కంపెనీలో పని, ఆదివారం బోధ. మెత్తని మనిషి, మెత్తగానే నొక్కాడు. "ప్రభువా, ఈ వేసవిలో ఆ చిన్నబిడ్డలకి నీ మాట ఎవరు నేర్పుతారో మాకు తెలియడం లేదు. మా సోదరి హృదయంలో ఆ బిడ్డల మొహాలు నిలుపు. నీకు ఇష్టం లేని ప్రయాణమైతే ఆమె మనసు మార్చు."

"ఆమెన్," అంది గది మొత్తం. ఆ మొత్తంలో దీనమ్మగారి గొంతూ ఉంది.

కళ్ళు తెరిచి చూశాను. కొంగు తల మీద కప్పుకుని, చెంపలు తడిసి కూర్చుంది. తన మనసు మారాలని తనే ఆమెన్ అంటోంది. లేచి వెళ్ళిపోదామనిపించింది, కాని కాళ్ళకి అడ్డంగా ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు.

ముగింపు ప్రార్థన ఇంటి యజమానిది. సుందర్ రాజ్ గొంతు సవరించుకున్నాడు. రెండు మాటల్లో ముగించేస్తాడనుకున్నారేమో, కొందరు లేవడానికి కదిలారు కూడా.

"తండ్రీ," అన్నాడు. "శనివారాలు నేను కార్లో కూర్చునేవాణ్ణి. నా భయం నీకు తెలుసు. పేపరు పట్టుకున్నాను గాని చదవలేదు. ఈమెనే చూశాను. పడినప్పుడల్లా తలుపు తీశాను, గుర్రం అక్కడే ఉందని మళ్ళీ వేసుకున్నాను. అది నా తప్పు. ఆమె లేచి, దుమ్ము దులుపుకుని మళ్ళీ ఎక్కేది. ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉండేది. డ్యూటీ నుంచి తెచ్చేటప్పుడు ఈమె ఒక్క మాటా మాట్లాడదు ప్రభువా, కార్లోనే నిద్రపోతుంది. మాట్లాడే మనిషిని నాకు శనివారం శనివారం ఇచ్చావు. అందుకు స్తోత్రం. క్షేమంగా తీసుకెళ్ళి తీసుకురా. ఆ గుర్రానికి ఓర్పు ఇవ్వు. వీబీఎస్ నేను చూసుకుంటాను. ఆమెన్."

ముందుగా విమలకుమారి, ముక్కు తుడుచుకుంటూ, "ఆమెన్" అంది. అలవాటో, అభిప్రాయం మారిందో నాకు తెలియదు. దాని వెనకాలే భాస్కర్, అయ్యగారు, అందరూ అన్నారు. దీనమ్మగారు మాత్రం అనలేదు. కొంగు తీసి భర్త వైపు చూస్తోంది.

"బావగారూ, పిల్లల చేత పాటలు పాడించడం మీకొచ్చా?" అంది విమలకుమారి, పలావు గిన్నె అందుకుంటూ.

"రాదమ్మా."

"మరేం చేస్తారు?"

"వంతెనలు కట్టిస్తా."

అన్నంత పనీ చేశాడు. ఐస్‌క్రీం పుల్లలూ జిగురూ ఇచ్చి పిల్లల చేత బైబిల్లో ఇశ్రాయేలు ప్రజలు దాటిన యొర్దాను నదికి వంతెన కట్టించాడు. వాక్యంలో ఆ నదికి వంతెన లేదే అని అయ్యగారు నసిగితే, "ఉంటే ప్రజలకి వీలుగా ఉండేది కదండీ," అన్నాడట.

దీనమ్మగారు తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పింది. క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు చెప్పి తీరాలి. కోటల గురించి వినొచ్చు కదా అని నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆవిడ చెప్పిందేమిటంటే, తన గుర్రం ముసలిదనీ, కోసేసిన గోధుమ చేల గట్ల మీద ఆగి ఆగి గడ్డి తినేదనీ, షెవెర్నీ అనే చోట వేటకుక్కల గుంపుకి ఒకేసారి తిండి పెడితే, కాపరి సరేననేదాకా ఒక్కటీ ముట్టదనీ. షాంబోర్ ఊసు లేదు. బయటికొచ్చాక ఆపుకోలేక అడిగాను.

"ఆ మెట్లు ఎక్కారా?"

"లేదు మాస్టారూ. అందరూ లోపలికెళ్తే గుర్రాల దగ్గర ఒకళ్ళుండాలిగా. నేనుంటానన్నా."

"అంతదూరం వెళ్ళి?"

"బయటనుంచి చూశాగా. పెద్దదే."

ఆవిడ కాళ్ళు ఎడంగా పెడుతూ కారు వైపు నడుస్తుంటే విమలకుమారి వెనకనుంచి వచ్చి జబ్బ పట్టుకుంది.

"మోకాళ్ళు వాచాయా?"

"వాచాయి."

"ప్రభువుతో ముందే చెప్పాను."

"చెప్పావు. ఆయనా విన్నాడు."

"వింటే ఏం లాభం," అని విమలకుమారి ఆవిడ చేతిలోని సంచి లాక్కుంది. "వచ్చే ఏడాది వెళ్ళేదేదో వీబీఎస్ అయ్యాక వెళ్ళు. ఆ వంతెన జిగురు మా వాడి జుట్టుకి ఇంకా వదల్లేదు."