నాలుగో నట్టు

చిన్నత్తమ్మ పోయిందన్న ఫోను వచ్చేసరికి పొద్దున తొమ్మిది దాటింది. ఆమె మా అత్తమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. మంచిర్యాలలో కొడుకు దగ్గర ఉండేది. ఫోను చేసింది ఆ కొడుకే. "వదినె, ఒంటిగంటకు పాడె లేపుతమంటున్నరు. పెద్దమ్మను జెల్ది తోల్కరా" అన్నాడు.

నా భర్త మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల పనిలో ఉన్నాడు. మెట్‌పల్లి ఇంట్లో ఉన్నది అత్తమ్మా నేనూ. పోయినేడు కొన్న పాత కారులో రోజూ బడికి నేనే నడుపుకుంటూ వెళతాను. ఆ కారులోనే ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. దారిపొడవునా ఆమె ఏడవలేదు.

ధర్మపురి దాటాక, రోడ్డు పక్కన మక్కజొన్నలు ఆరబోసిన చోట వెనక టైరు పంక్చరయింది. పదకొండుకు పావుగంట తక్కువ. స్టెప్నీ ఉంది, టైరు మార్చడం నాకు వచ్చు. మూడు నట్లు పానా మీద ఒక్కో తొక్కుకు వదులయ్యాయి. నాలుగోది వేరే రకం. దొంగలు చక్రం విప్పుకుపోకుండా బిగించే లాక్ నట్టు. దాని తల మీది గాడులకు సరిపడా చేసిన చిన్న ముక్క ఒకటి ఉంటేనే అది తిరుగుతుంది. డిక్కీ అంతా తిరగేశాను, మ్యాట్లు ఎత్తి చూశాను. లేదు. కారు అమ్మినాయనకు ఫోను చేస్తే "గది నాకు గూడ ఎవలు ఇయ్యలేదమ్మా" అన్నాడు.

"ఎంత సేపు బిడ్డా?" అంది అత్తమ్మ కిటికీలోంచి.

"ఐదు నిమిషాలు" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు.

మక్కలు తిరగేస్తున్న రైతు వచ్చి చూశాడు. మోటారు సైకిలు మీద దింపుతానన్నాడు గాని, తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి అత్తమ్మ దాని మీద కూర్చోలేదు. ధర్మపురిలో కిరాయి కార్లన్నీ పెళ్లిళ్లకు పోయాయట. ఆయనే తన ట్రాక్టర్ దగ్గర నుంచి సుత్తె, సాకెట్ల డబ్బా, ఇనుప పైపు తెచ్చాడు. నట్టు కంటే కొంచెం చిన్న సాకెట్‌ను దాని మీదికి కొట్టి ఎక్కిస్తే పట్టుకుంటుందన్నాడు. ఎక్కించి, రాడ్డుకు పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి గుంజాడు. సాకెట్ టక్కున జారింది. ఆయన పిడికిలి రోడ్డుకు తగిలి తోలు లేచిపోయింది.

"గిది వచ్చేటట్టు లేదక్కా" అన్నాడు చెయ్యి పట్టుకుని.

కారులో ఫోను మోగుతోంది. తీయడానికి భయమేసింది.

అప్పుడు తలుపు తీసుకుని అత్తమ్మ దిగింది. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ నడిపిన మనిషి. మగ్గం ఆగితే మెకానిక్ కోసం చూడకుండా తానే విప్పి బిగించుకునేది. వంగి చూసింది.

"సాకెట్ వంకర పోతున్నది. ఒగలు పట్టుకోవాలె. ముందుగాల బిగించే దిక్కు జరంత తిప్పుర్రి. తుప్పు పగిలితేనే వస్తది."

కాలు చాపుకుని రోడ్డు మీదే కూర్చుంది. రైతు తువ్వాల అడిగి తీసుకుని, దాంతో సాకెట్‌ను రెండు చేతులా పట్టుకుంది. "నువ్వు కొట్టు బిడ్డా" అంది నాతో.

సుత్తె తీసుకున్నాను. ఆమె వేళ్లకూ సాకెట్ అంచుకూ మధ్య రెండు అంగుళాలైనా లేదు. మొదటి దెబ్బ మెల్లగా వేశాను.

"గట్లగాదు. భయపడకుంట కొట్టు."

మూడో దెబ్బ జారి ఆమె బొటనవేలికి తగిలింది. సుత్తె వదిలేశాను. ఆమె కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి, మళ్లీ అదే వేలు అక్కడే పెట్టింది.

"కొట్టు. నా చెల్లె నాకోసం ఎంతసేపని ఆగుతది?"

ఈసారి చేతుల వంక చూడలేదు. సాకెట్‌నే చూస్తూ కొట్టాను. ఎన్ని దెబ్బలో గుర్తులేదు. కొడుతుంటే చప్పుడు గట్టిపడింది. రైతు దెబ్బ తగలని చేత్తో, మోకాలితో పైపును బిగించే వైపు నొక్కాడు. 'కట్' మంది. నట్టు విరిగిపోయిందనుకున్నాను.

"ఇగ ఇప్పుడు ఇటు" అంది అత్తమ్మ.

రైతూ నేనూ పైపుకు వేలాడాం. కదల్లేదు. ఇంకోసారి. మూడోసారి కీచుమంటూ వేలెడంత జరిగింది. తర్వాత దానంతటదే వచ్చినట్టు వచ్చింది.

లాక్ నట్టు సాకెట్‌లోనే ఇరుక్కుపోవడంతో, స్టెప్నీని మూడు నట్లతోనే బిగించి, నలభై దాటకుండా నడిపాను. ప్రతి గుంత దగ్గరా బ్రేకు వేశాను. రాయపట్నం వంతెన మీద ఫోను చేస్తే "ఇంటికొద్దు, సీదా గోదారి ఒడ్డుకే రా వదినె" అన్నాడు చిన్నత్తమ్మ కొడుకు.

మేం చేరేసరికి ఒంటిగంటా ఇరవై. పాడె ఇంకా చితి పక్కన నేల మీదే ఉంది. పెద్దలు ఆలస్యమవుతోందంటుంటే ఆ కొడుకు దానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "పెద్దమ్మ సూడకుంట చితి మీదికి ఎట్ల లేపుతరు?" అంటున్నాడు.

అత్తమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. ముఖం మీది గుడ్డ తీశారు. చెల్లెలి చెంప మీద అరచెయ్యి పెట్టి, "నేను వచ్చిన, చెల్లె" అంది. అప్పుడు ఏడ్చింది. పడిపోకుండా వెనక నుంచి పట్టుకున్నాను. ఆ ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. అక్కడున్న ఎవరూ తొందరపెట్టలేదు.