గ్రెయిన్ లేని పరంధామయ్య

ఆఁ, నిన్న ఎక్కడ ఆగాం? నాచారంలో ఫొటో స్టూడియో పెట్టిన పరంధామయ్య కళ్లద్దాల దగ్గర కదూ. ముప్పై ఏళ్ల వయసులోనే డాక్టరు రాసిచ్చాడండీ, పెట్టుకుంటేగా! అందం పోతుందట. ఏం అందమో, ఆ అద్దానికే తెలియాలి.

గొప్పలకు మాత్రం లోటు లేదు. ఫిల్మ్ మీద బొమ్మంతా సన్నటి వెండి రేణువులే. పెద్ద ప్రింటు వేస్తే రవ్వ చల్లినట్టు తేలతాయి. అదే గ్రెయిన్. ఎండాకాలం ఫిల్మ్ కడిగే మందు వేడెక్కితే రవ్వ ముతకబారుతుందని ఈయన డెవలపర్ డబ్బాను ఐసునీళ్లలో పెట్టేవాడు. మంచి పనే, కాదనను. ఆ తర్వాత ఉప్పల్ నుంచి వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, తన ప్రింటులో గ్రెయిన్ వెతికి చూపించమనేవాడు. కనబడేది కాదు. కనుబొమ్మలూ కనబడేవి కావు.

చిల్కానగర్ సక్కుబాయి పెళ్లి ఫొటో తీసింది ఈ మహానుభావుడే. పెళ్లికూతురి ముఖం పెద్దది గనక ఎలాగో పోల్చుకోవచ్చు. వెనక నిలబడ్డ తల్లి ముఖం మాత్రం పిండిముద్ద. ఆ తల్లికి ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. అదేమని అడిగితే, "మీ అమ్మ కదిలిందమ్మా, నేనేం జేస్త?" అన్నాడు. ఆ ఒక్క క్షణం కుదురుగా నిలబడలేకపోయావా అని, పోయిన తల్లిని సక్కుబాయి నలభై ఏళ్లుగా తిట్టుకుంటూనే ఉంది.

ఇప్పుడు ఫిల్మ్ మళ్లీ ఫ్యాషనట. ఆదివారాలు కుర్రకారు ఆయన దగ్గర చేరి మాస్టర్ అంటున్నారు. మొన్న తన నునుపు చూపించుకోవడానికి ఆ పెళ్లి నెగెటివ్‌నే తీసి, ప్రింటు వేసే మిషన్లో పెట్టాడు. ఆమని అనే పిల్ల దాని కింద చిన్న భూతద్దం పెట్టి చూసింది. గ్రెయిన్ స్పష్టంగా కనబడేదాకా లెన్సు తిప్పడమే ఈ విద్యలో మొదటి పాఠం. గ్రెయిన్ తేలితే బొమ్మ తేలినట్టే.

"సార్, గిది ఫోకసే గాలే. జర తిప్పితే గ్రెయిన్ సాఫ్ కనవడుతుంది. ఎనకున్న పెద్దమ్మ ముక్కుపుల్ల గూడ తెలుస్తున్నది."

పరంధామయ్య వంగి ఆ భూతద్దంలోంచి చూశాడు. తల్లి ముఖం చెక్కినట్టుంది, ఆవిడ కదిలిందే లేదు. పోయేది నలభై ఏళ్ల పేరు మరి, పాపం! అందరూ తన నోటివంకే చూస్తున్నారు.

"నాకెర్కే బిడ్డా. గది నా స్టయిలు. కావాల్ననే మెత్తగ జేస్త."

నమ్మారండీ! ఫోన్లు తీసి రాసుకున్నారు. వచ్చే ఆదివారం పాఠం అదేనట. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దమ్మ ఎవరని ఆమని అడిగితే గుర్తులేదని చెప్పి, నెగెటివ్‌ను సొరుగులో తోసేశాడు. పేరు నిలబడాలంటే అది ఎవరి కంటా పడకూడదు. రేపోమాపో చించి పారేసే రకమే.

సక్కుబాయి నంబరు నా దగ్గరుంది. ఉండండి, ముందు ఆమెకు ఫోన్ చేసి, ఆమనిని వెంటబెట్టుకుని ఈరోజే నాచారం వెళ్లమని చెప్పాలి.