బి విటమిను, మా అమ్మ ఎడం చెయ్యి

మా నాన్న కలలు కనే మనిషి కాదు. మిషను బడిలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మేస్టారు. పక్క మీద వాలితే కోడి కూసేదాకా కదలడు. ఎవరైనా రాత్రి కలొచ్చిందండీ అని మొదలుపెడితే, కలలు పని లేనివాళ్లకొస్తాయి అని నోరు మూయించేవాడు. అలాంటాయన ఒక పొద్దున మంచం మీద లేచి కూర్చుని, రాత్రి మన పెరట్లోకి ఏనుగొచ్చి బచ్చలి పాదంతా తినేసిందమ్మా, దాని కళ్లు పచ్చగా మెరుస్తున్నాయి అన్నాడు. నేను జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూశాను. ఒళ్లు చల్లగానే ఉంది.

అవి డెబ్బైల నడిమి రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. తిరువూరులో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ నాన్నా ఉండేవాళ్లం. నేను రోజూ బస్సెక్కి పెనుగొలను బడికి పోయి చిన్న తరగతులకి పాఠాలు చెప్పి సాయంత్రానికి వచ్చేదాన్ని. ఆ ఏడే నాన్నకి క్షయ అని తేలింది. మా వీధిలో ఎవరూ ఆ పేరు పలికేవారు కాదు. మేస్టారి దగ్గు అనేవారు, అనేసి రెండడుగులు వెనక్కి జరిగేవారు. నేను ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టాను. ఆస్పత్రి కాంపౌండరు గారు మా వెనక వీధిలోనే ఉండేవారు. రోజూ వచ్చి సూది వేసి, తెల్ల మాత్రలు ఇచ్చి వెళ్లేవారు. రెండు నెలలయ్యేసరికి నాన్నకి అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆ మందుకి కొందరికి అలా అవుతుందని చెప్పి, కాంపౌండరు గారు ఇంకో చిన్న మాత్ర కలిపారు. బి విటమిను అన్నారు. తిండి కూడా చెప్పారు. రోజూ గుడ్డు, ఆదివారం మేక కార్జం, వారానికి రెండుసార్లు మునగాకు పప్పు, పొద్దున్నే బెల్లం కలిపిన తవుడు. తవుడు గేదెలు తినేదని నాన్న రెండు రోజులు అలిగాడు. గేదెకున్న బుద్ధి కూడా లేకపోతే ఎలా అన్నాను. నాకు నోటిదురుసు మొదట్నుంచీ ఉంది. మూడో రోజు తిన్నాడు.

ఆ చిన్న మాత్ర రాత్రి అన్నం తిన్నాక ఇచ్చేదాన్ని. ఏనుగు వచ్చింది మాత్ర మొదలుపెట్టిన వారానికే. తర్వాత బళ్ల ఇన్‌స్పెక్టరు గారు నల్లబల్ల మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని వచ్చారు. ఆ తర్వాత ఎర్ర వాన కురిసింది. నాన్న అవన్నీ కళ్లారా చూసినవాడిలాగే చెప్పేవాడు, ఏ రంగు ఏ పక్కనుందో కూడా. నేను పొయ్యి దగ్గర నవ్వుకునేదాన్ని.

ఒక పొద్దున మటుకు ఆయన మామూలుగా మొదలుపెట్టలేదు. కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుని, "రాత్రి మీ అమ్మ వచ్చింది" అన్నాడు.

మా అమ్మ పోయేనాటికి నాకు ఏడాదిన్నర. ఏదో జ్వరం, నాలుగు రోజులు. పెళ్లినాటి ఫొటో ఒకటి ఉండేదట, చెదలు తినేసింది. చిన్నప్పుడు అమ్మ ఎలా ఉండేదని అడిగితే నాన్న "మంచిది" అని ఒక్క మాటనేసి పిల్లల కాపీ పుస్తకాలు ముందేసుకునేవాడు. ఆ ఒక్క మాటతోనే ఇరవయ్యేళ్లు నెట్టుకొచ్చాను. బైబిలు బడిలో అందరూ వాళ్ల అమ్మ గురించి చెప్తుంటే నేను మా అమ్మ మంచిది అని కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆయనే అడక్కుండా చెప్తున్నాడు. ఆకుపచ్చ అంచు చీర కట్టుకుందట. పొడుగు కదా, గుమ్మం దాటేటప్పుడు తల వంచిందట. పొయ్యి ముందు కూర్చుని కూర తిప్పుతూ ఏదో అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందట. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ వేళ అన్నం మాడింది.

అప్పట్నుంచి రెండు మూడు రోజులకోసారి అమ్మ వచ్చేది. నేను బస్సు టైము చూసుకుంటూనే ఆయన మంచం పక్కన కూర్చుని వినేదాన్ని. విన్నదంతా బడికి పోయాక పాఠాల నోట్సు పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. ఒకరోజు నాన్న, ఎడం చేత్తో గరిటె తిప్పుతోందమ్మా అన్నాడు. నాది పుట్టు ఎడం చెయ్యి. ఒకటో తరగతిలో నాన్నే నా మేస్టారు. మేస్టారి కూతురు ఎడం చేత్తో రాస్తే ఊరంతా ఏమనుకుంటుందని, నా జడ రిబ్బను విప్పి ఆ చేతిని బల్లకి కట్టేసేవాడు. బడి ఒదిలేదాకా విప్పేవాడు కాదు. ఆ యేడంతా అంతే. ఇప్పుడు కుడి చేత్తో చక్కగా రాస్తాను, దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు. ఇన్నేళ్లకి ఈ చెయ్యి మా అమ్మ నుంచి వచ్చిందని తెలిసింది. బస్సులో ఎడం చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే.

చెప్పుకోవాలంటే ఆ పొద్దుటి పూటలే నాకు తల్లి. అవి పోతే మళ్లీ నా దగ్గర మంచిది అన్న మాటొక్కటే మిగులుతుంది.

శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం ఉండేది. పాటలయ్యాక ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి, దాన్ని సాక్ష్యం అంటాం. ఒక శుక్రవారం నాన్న మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని లేచి నిలబడి, జబ్బులో నన్ను ఓదార్చడానికి దేవుడు నా భార్యని రాత్రిళ్లు పంపుతున్నాడని చెప్పాడు. పాస్టరు గారు కళ్లు మూసుకుని స్తోత్రం అన్నారు. ఇక చూడండి. దగ్గని రెండడుగులు వెనక్కి జరిగినవాళ్లే మర్నాడు మంచం దాకా వచ్చేశారు. ఒకావిడ, మా అత్త గాని కనిపిస్తే నా మీద కోపం పోయిందేమో అడగండి మేస్టారూ అంది. ఇంకొకావిడ రాత్రి నాన్నకేం వండానో నన్ను అడిగింది. గోంగూర అని ఒకరు, కార్జమని ఒకరు, కాదు తవుడే అని ఒకరు. మొత్తానికి తవుడు గెలిచింది. వారం తిరక్కుండా బియ్యం మిల్లు దగ్గర ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరికీ కల రాలేదు గాని చాలామందికి విరేచనం సాఫీగా అయిందని విన్నాను.

నేను కాంపౌండరు గారితో ఈ గొడవంతా నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. మాత్ర ఎప్పుడిస్తున్నావమ్మా అని అడిగారు. రాత్రి అన్నాను. "అదేనమ్మా. ఆ విటమిను పడుకునే ముందు వేసుకుంటే కొంతమందికి కలలు మరీ కళ్లకు కట్టినట్టు వస్తాయి. ఇంకా ఇద్దరు ముగ్గురు చెప్పారు నాకు. పొద్దున మార్చు" అన్నారు. అయితే మా అమ్మ రావడం మాత్ర వల్లనా అని అడిగాను. కల రావడానికి మాత్ర కారణం కావచ్చు, కలలో ఎవరొస్తారో మాత్రకేం తెలుసమ్మా అన్నారు. మళ్లీ ఆయనే, ఇదంతా నేను విన్నదే, నిజమో కాదో పెద్ద డాక్టర్లు చెప్పాలి అన్నారు.

నాకు బుర్ర తిరిగిపోయింది. పాస్టరు గారు దేవుడంటారు. కాంపౌండరు గారు విటమిను అంటారు. వీధి తవుడంటుంది. ఎవరిని నమ్మితే మా అమ్మ నాకు మిగులుతుందో తెలియలేదు. మాత్ర మాత్రం పొద్దునకి మార్చలేదు. నాన్న రాత్రి రెండు మూడుసార్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని నాకు తెలుసు. కళ్ల కింద గుంటలు పడుతున్నాయని కూడా తెలుసు. జబ్బు మనిషి నిద్ర దొంగిలిస్తున్నానని తెలిసే, రోజూ అన్నం తినడం కాగానే ఆ మాత్ర చేతిలో పెట్టేదాన్ని. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఇంకో పిచ్చి పని కూడా చేశాను. నా తల్లి నాకు రాకుండా ఆయనకే ఎందుకు రావాలని అసూయ పుట్టింది. మందుల షాపులో అవే మాత్రలు కొని పది రోజులు నేనూ మింగాను. కలలు నిజంగానే వచ్చాయి, నాన్న చెప్పినట్టే రంగులతో. పెనుగొలను బస్సు చెరువులో ఈదుతూ వచ్చింది. నా తరగతి పిల్లలంతా ముసలివాళ్లై కూర్చుని ఎక్కాలు చెప్పారు. మా కాంపౌండరు గారు కూడా వచ్చారు, ఆయన ఎందుకో మరి. అమ్మ ఒక్కరాత్రి కూడా రాలేదు. చూడని మొహాన్ని కల మటుకు ఎక్కడినుంచి తెస్తుంది? ఆ సంగతి నాకు మాత్రలయ్యాక తట్టింది.

చూసినవాళ్లనే అడుగుదామని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గంపలగూడెం వెళ్లాను. అక్కడ మా పెద్దమ్మ ఉంది, అమ్మకి సొంత అక్క. పత్తి ఏరే రోజుల్లో ఆదివారం ఒక్కటే ఇంట్లో దొరికేది. నాన్నకీ ఆవిడకీ ఎప్పుడో మాట పడి రాకపోకలు తగ్గాయి. నన్ను చూసి సంబరపడి అన్నం పెట్టింది. నేను కంచం ముందు కూర్చునే నాన్న కలలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. పొడుగు, గుమ్మం దగ్గర తల వంచడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం, ఎడం చెయ్యి.

పెద్దమ్మ తినడం మానేసి నా వైపు చూసింది. "మీ అమ్మ పొడుగేంటే, నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. నోరు మూసుకుని నవ్వడమా, అది నవ్వితే వీధి చివరకి వినపడేది. ఎడం చెయ్యి అసలే కాదు" అంది. మళ్లీ తనే, "నువ్వు చెప్పిందంతా నువ్వేగదే" అంది.

నిజమే. గుమ్మాలకి తల వంచేది నేను. పై పన్ను వంకరని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది నేను. రోజూ నాన్న కళ్ల ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఎడం చేత్తో గరిటె తిప్పేది నేను. మాత్ర ఆయనకి నన్నే మా అమ్మని చేసి చూపించింది. తిరుగు బస్సులో నాకు ఎవరి మీద కోపమో తెలియనంత కోపం వచ్చింది. నాన్న మీదనా, కాంపౌండరు గారి మీదనా, కూర్చోబెట్టి నిజం చెప్పిన పెద్దమ్మ మీదనా. నోట్సు పుస్తకంలో వెనక పేజీలు చింపేశాను. పొట్టిగా, గట్టిగా నవ్వే ఆవిడని ఊహించుకుందామంటే ఆవిడెవరో బొత్తిగా తెలియదు. ఉన్న తల్లి పోయింది, కొత్త తల్లి రాలేదు.

ఆ రాత్రి అన్నం తిన్నాక నాన్నకి మాత్ర ఇవ్వలేదు. ఇకనుంచి పొద్దున వేసుకోవాలట అన్నాను. సరేనని పక్క మీద వాలాడు.

పొద్దున నేను తవుడు గిన్నె తీసుకుని వెళ్లేసరికి ఆయన అప్పటికే లేచి కూర్చున్నాడు. మాత్ర వెయ్యకపోయినా కల వచ్చింది. ఇదెలాగని ఇప్పటికీ నాకు అర్థం కాదు. ముందు వేసుకున్న మాత్రల బలం ఒంట్లో మిగిలుందో, తవుడో, ఇంకేదో. నేను గిన్నె అక్కడ పెట్టేసి, పెద్దమ్మ చెప్పిందంతా మొహాన కొట్టినట్టు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"రాత్రి మీ అమ్మ ఏమీ మాట్లాడలేదమ్మా. నా ఎదురుగా కూర్చుని ఎడం చెయ్యి చాపి చూపించింది. మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలిపోయుంది."

ఆయన తువ్వాలు మూతి మీద నుంచి తీసేశాడు. జబ్బు వచ్చాక నాతో మాట్లాడేటప్పుడు అలా తీయడం అదే మొదటిసారి.

"మీ అమ్మది కుడి చెయ్యే. ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. మొహం మరిచిపోయి చాలా ఏళ్లయింది, కలలో నీ మొహంతోనే వస్తోంది. చెప్తే నువ్వు రోజూ నా దగ్గర కూర్చోడం మానేస్తావని చెప్పలేదు." కాసేపు దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగాడు. "ఆ చెయ్యి నీది. నేను కట్టేసిందే. అప్పుడు నొప్పి పుట్టిందా అమ్మా?"

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు అలా అడగరు. పొరపాటున అడిగినా, అబ్బే లేదు నాన్నా అనడం మాకు అలవాటు. ఆ మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"పుట్టింది నాన్నా" అన్నాను.